మూత మీద పసుపు

"బండి ఊరికే ఆగదు ఇన్‌స్పెక్టరు గారూ. మనిషి ఊరికే ఆగుతాడు, ఎద్దు ఊరికే ఆగుతుంది. ఇంజను ఆగిందంటే దానికో కారణం ఉండి తీరాలి."

"ఉందిగా అండీ," అన్నాడు వరదానం, లాకప్పు వైపు గడ్డం ఎత్తి చూపిస్తూ. "ఆ కారణానికి మీసాలు కూడా ఉన్నాయి."

ఏలూరు సర్కిల్ ఇన్‌స్పెక్టరు వరదానంతో ఇదే చిక్కు. మాట వెన్న, పట్టు ఉడుంపట్టు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. మద్రాసు మోటారు గరాజీలో నాలుగేళ్ళు గ్రీజు పూసుకుని, ఆ తర్వాత డిటెక్టివు బోర్డు కట్టుకున్న ఈ భీమశంకరానికి పోలీసు స్టేషన్లో ఎంత విలువుంటుందో మీరే ఊహించుకోండి. కుర్చీ మాత్రం వేశారు.

జరిగింది ఇది. కలిదిండి ముత్యాలరాజు మద్రాసులో ఓ దొర సీమకి పోతూ పోతూ అమ్మేసిన రేసు మోటారు సైకిలు కొనుక్కున్నాడు. పాతదే గానీ పరుగులో గుర్రం. ఏలూరులో పని చూసుకుని, పెదపాడు మీదుగా కొల్లేటి గట్టెక్కి, రేవులో బండిని పడవలోకి ఎక్కించి అవతలికి దాటి ఇంటికి పోయేవాడు. మొన్న శుక్రవారం సాయంత్రం ఆ గట్టు మీద, జంట తాడిచెట్ల దగ్గర, తల వెనక రూపాయి బిళ్ళంత గుండ్రటి దెబ్బతో సగం నీళ్ళలో సగం ఒడ్డున పడి కనిపించాడు. పక్కనే బండి బుద్ధిగా స్టాండు మీద నిలబడి ఉంది. దేన్నీ గుద్దలేదు, జారి పడలేదు. బండి ఆగింది, మనిషి దిగాడు, చచ్చిపోయాడు.

శనివారం పొద్దున్నే, బండి బాగుచేసే ఇక్బాల్‌ని పట్టుకొచ్చి లోపల వేశారు. మూడుసార్లు బాగుచేసినా బండి అదే చోట ఆగింది కాబట్టి వాడే ఏదో మెలిక పెట్టాడని వరదానం వాదన. పైగా రాజుగారితో షాపు ముందు నలుగురూ వినేలా పోట్లాడాడు. షాపులో గుండ్రటి సుత్తి దొరికింది. ఇవన్నీ ఒక ఎత్తు, రేవులో పడవ గెడ వేసే సూర్రావు సాక్ష్యం ఒక ఎత్తు. ఆ సాయంత్రం ఇక్బాల్ సైకిలు మీద గట్టెంట పోవడం కళ్ళారా చూశానని వాడు ప్రమాణం చేసి చెప్పాడు. రేపు సోమవారం మేజిస్ట్రేటు ముందు పెడతారు. ఆ తర్వాత రాజమండ్రి జైలు, ఆ తర్వాత ఉరితాడు. నా చేతిలో ఉన్నది ఈ ఆదివారం ఒక్కటే.

స్టేషను మెట్ల మీద అన్నం కేరేజీ ఒళ్ళో పెట్టుకుని ఇక్బాల్ తల్లి ఖాతూన్ కూర్చుని ఉంది. నన్ను పిలిపించింది ఆవిడే.

"మావోడు కోపిష్ఠోడేనండీ, కాదనను," అంది. "నోరు జారతాడు. చెయ్యి జారడు బాబూ."

నేను లాకప్పు చువ్వల దగ్గరికి స్టూలు లాక్కున్నాను. ఇక్బాల్ పాతికేళ్ళవాడు. కళ్ళు వాచి ఉన్నాయి.

"మూడుసార్లూ ఏం చేశావో వరసగా చెప్పు."

"మొదటిసారి ప్లగ్గు మార్చానండీ. రెండోసారి మాగ్నెటో విప్పి పాయింట్లు గీశానండీ. మూడోసారి కార్బరేటరు మొత్తం విప్పి కడిగానండీ. షాపులో ఎప్పుడు కొట్టినా మొదటి కిక్కుకే అంటుకునేది. బజారు చివరిదాకా తోలి చూశాను, పులిలా పోయింది. రాజుగారు ఇంటికెళ్తే మటుకు గట్టు మీద ఆగిపోయేదండీ."

"తర్వాత ఎలా కదిలేది?"

"కాసేపు తోసి, ప్లగ్గు తుడిచి కొడితే మళ్ళీ అంటుకునేదట. ఎందుకాగిందో, ఎందుకు కదిలిందో ఆయనకీ తెలీదు, నాకూ తెలీలేదు. అక్కడేదో దెయ్యం ఉందని కూడా అన్నారండీ."

"బండి షాపుకి రాగానే నువ్వు మొదట చేసే పని?"

"మూత తీసి పెట్రోలు పోయడమేనండీ. గట్టు అవతల పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది? ఎప్పుడొచ్చినా ట్యాంకు నిండా పోయించుకునేవారు."

"మరి పోట్లాటేంటి?"

వాడు తల దించుకున్నాడు. "మూడోసారి కూడా ఆగిందని నలుగురిలో నాకు పని రాదన్నారండీ. ఇంకోసారి ఈ బండెక్కితే మీ ఖర్మ అన్నాను. కోపంలో అన్నానండీ."

వరదానం వెనకనించి మెత్తగా దగ్గాడు. "విన్నారా? మీ ఖర్మ అన్నాడట."

"నాకూ రోజూ ఎవరో ఒకరు అంటారండీ ఆ మాట. ఇంకా బతికే ఉన్నాను," అన్నాను. "తాళం చెవి ఇప్పించండి. బండి తోలాలి. మీరూ రావాలి."

"నేనెందుకండీ?"

"రేపు కోర్టులో మీ మాటే వింటారు గనక."

మోటారు సైకిలు స్టేషను పెరట్లో షెడ్డులో ఉంది. ఇక్బాల్ పనితనం చూస్తే ముచ్చటేసింది. ఇంజను రెక్కల మధ్య కూడా మట్టి రేణువు లేదు. పెట్రోలు ట్యాంకు మూత మీద మాత్రం మెత్తిన పసుపు, మధ్యలో కుంకుమబొట్టు అలాగే ఉన్నాయి. ట్యాంకు అంచుదాకా నింపించాను. వరదానం టోపీ ఒక చేత్తో, నా నడుం ఒక చేత్తో పట్టుకుని వెనక ఎక్కాడు. పెదపాడు దాటేదాకా ఇంజను పాట పాడింది.

"చూశారా? బండిలో ఏ లోపమూ లేదు," అన్నాడు చెవిలో.

జంట తాడిచెట్లు కనబడుతుండగా ఇంజను ఒకసారి దగ్గింది. రెండుసార్లు గుటకేసింది. ఆగిపోయింది.

నాకు నవ్వాగలేదు. వరదానం మొహంలో మాత్రం దెయ్యం మాట కాస్త కదిలినట్టే ఉంది. దిగి స్టాండు వేసి, చొక్కా చేతులు మడిచాను.

ఇంజనుకి కావలసినవి రెండే, నిప్పూ నూనే. ముందు నిప్పు చూశాను. ప్లగ్గు విప్పి, తీగె తగిలించి, ఇంజను తలకి ఆనించి కిక్కు కొడితే చిటుక్కున నీలం మెరుపు. మాగ్నెటో నిక్షేపంలా ఉంది. ఇక నూనె. కార్బరేటరు పక్కన చిన్న గిన్నె ఉంటుంది, ఎప్పుడూ పెట్రోలుతో నిండి ఉండాలి. ఎండిపోయి ఉంది. గొట్టం ఊడదీశాను. రెండు చుక్కలు పడి ఆగిపోయింది.

"పెట్రోలు అయిపోయిందన్నమాట," అన్నాడు వరదానం.

"బండి ఊపండి."

ఊపాడు. ట్యాంకులో గుబగుబమని పెట్రోలు.

"కుళాయి మూసుకుపోయిందేమో."

కుళాయి విప్పి ఊదాను. గాలి బారుగా పోయింది. జల్లెడ శుభ్రంగా ఉంది. మళ్ళీ బిగించాను. అప్పుడు ట్యాంకు మూత అంచు పట్టుకుని మెల్లగా తిప్పాను. సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు. మరుక్షణం కింద గొట్టంలోంచి పెట్రోలు ధారగా నా కాలి మీద పడింది.

"ఇదేంటండీ?" అన్నాడు వరదానం, ఈసారి నిజంగా అడుగుతూ.

"మీ ఇంట్లో కిరసనాయిలు డబ్బాకి ఎన్ని చిల్లులు పెడతారు?"

"రెండు."

"ఒకటే పెడితే?"

"గుటగుటలాడి ఆగిపోతుంది. రెండో చిల్లులోంచి గాలి పోవాలి కదా."

"ఈ ట్యాంకుకి ఆ రెండో చిల్లు మూతకి ఉంటుంది. సూది దూరేంత. అది మూసుకుపోతే బండి కొంత దూరం పరిగెత్తి, గాలాడక ఆగిపోతుంది. ట్యాంకు నిండా పోసి ఒకే ఊర్నించి ఒకే దారిన బయల్దేరితే ఒకే చోట ఆగుతుంది. కాసేపు నిలబడితే మూత సందుల్లోంచి కాస్త గాలి జొరబడి మళ్ళీ అంటుకుంటుంది. ఇక్బాల్ దగ్గరికి వెళ్తే వాడు చేసే మొదటి పనే మూత తీయడం. రోగం గుమ్మంలోనే పారిపోతే వైద్యుడికేం దొరుకుతుంది?"

మూత పైకి తిప్పి చూపించాను. చిల్లు ఉండాల్సిన చోట ఆ పసుపు పెళ్ళ. గుండుసూదితో పొడిచాను. పైన పొడి పసుపు రాలింది. దాని కింద సూది మొన మెత్తగా దిగి, నల్లగా జిగురుతో పైకొచ్చింది. అగ్గిపుల్ల గీసి సూది కాల్చాను. గుప్పుమని పొగ. ఆ వాసన కొల్లేటి మనిషెవడికీ చెప్పక్కర్లేదు. పడవ బీటల్లో నూనెతో మెదిపి కూరే గుగ్గిలం.

వరదానం వంగి ఆ పొగ వాసన పీల్చాడు. తర్వాత మళ్ళీ ఉడుమై పోయాడు. "సరేనండీ. చిల్లు మూశారు. ఎవరు మూశారు? బండంతా అద్దంలా తుడిచిన ఇక్బాల్ ఈ పసుపొక్కటీ ఎందుకు తుడవలేదు? తానే పెట్టి ఉంటాడు గనక. నా కేసు మీరే గట్టి చేశారు శంకరంగారూ."

ఒళ్ళు మండిపోయింది. చెప్పొద్దూ, మాట నిజం కూడాను. సూదితో పొడిచిన చిల్లు తప్ప పసుపంతా సాక్ష్యానికి అలాగే ఉంచి, మూత బిగించి స్టేషనుకి తోలాను. చువ్వల దగ్గరికి వెళ్ళి ఒకటే అడిగాను.

"మూత మీద పసుపు ఎందుకు తుడవలేదు?"

ఇక్బాల్ తెల్లబోయాడు. "పూజ పసుపు కదండీ. నేను ముట్టుకోవచ్చో లేదో. వాళ్ళ మనసు నొచ్చుకుంటుందేమోనని మూత తీసేటప్పుడు కూడా అంచు పట్టుకుని తిప్పేవాణ్ణండీ. ఒక్క రేణువు రాలకుండా చూసుకున్నాను."

నేను వరదానం వైపు తిరిగాను. ఆయన కిటికీలోంచి చూస్తున్నాడు.

"మంచి జవాబే," అన్నాడు. "కానీ జవాబు జవాబే, సాక్ష్యం కాదు. పొద్దుగూకేలోగా సాక్ష్యం తెండి."

వాణ్ణి కాపాడాలన్న పంతం నాకు నిజంగా పట్టింది అప్పుడే. అంతవరకూ అది నా పని. ఇక్బాల్ చెప్పిన ఆ పసుపు మాట విన్నాక నా సొంత సంగతయింది. ఎదుటివాడి బొట్టుకి గౌరవమిచ్చినందుకు మనిషిని ఉరి తీస్తే ఇక మనమెందుకు?

ముత్యాలరాజు భార్య సత్యవేణి పవరుపేటలో మేనమామగారింట్లో ఉంది. బండి వీధిలో పెట్టి లోపలికి వెళ్ళాను. అరుగు మీద ఎదురొచ్చినాయన చిన్నరాజు, చచ్చిపోయిన వాడికి పినతండ్రి కొడుకు, వయసులో పెద్ద. రేవులో పడవలన్నీ ఆయనవే.

"రండి రండి. ఎండనబడి వచ్చారు. మజ్జిగ పుచ్చుకుంటారాండీ?"

ఇంత మర్యాదైన మనిషి మీద కోర్టులో కేసుంది. మొన్న వానల్లో ఆయన పడవ మునిగి కూలిజనం చచ్చిపోయారు. అడుగు చెక్క పుచ్చిపోయిందని తెలిసీ జనాన్ని ఎక్కించాడని చెప్పడానికి ఒప్పుకున్న సాక్షి ఒక్కడే, ముత్యాలరాజు. ఆ సంగతి వరదానానికీ తెలుసు. కానీ శుక్రవారం పొద్దున్నించి రాత్రిదాకా చిన్నరాజు తాడేపల్లిగూడెంలో పెళ్ళిలో ఉన్నాడు. పందిరిలో ఊరంతా చూసింది.

"తమ్ముడు పోయిన పూట మీరు గూడెంలో ఉన్నారట."

"అదే నా కుమిలిపాటండీ. దగ్గరుంటే ఇలా జరగనిచ్చేవాణ్ణా? బండిలో ఏమైనా కనబడిందాండీ?"

"ఏమీ లేదండీ," అన్నాను, మొహం వేలాడేసుకుని. "గట్టు మీద ఆగింది, మళ్ళీ కదిలింది. అంతు చిక్కడం లేదు. అమ్మగారిని ఓ మాట అడిగి, ఇదే బండి మీద రేవుకి పోయి సూర్రావుని చూస్తాను."

"మంచిదండీ. మీరు మాట్లాడుతూ ఉండండి, మజ్జిగ చెప్పి వస్తాను."

సత్యవేణి తలుపు వారగా కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"బండికి పూజ ఎక్కడ చేయించారమ్మా?"

"ద్వారకా తిరుమల్లోనండీ, కొన్న వెంటనే."

"పసుపు మీరే రాశారా?"

"ముందు దీపం మీద రాసి బొట్టు పెట్టానండీ."

"మూత మీద?"

"మూత మీద నేనెందుకు పెడతానండీ? అస్తమానూ తిప్పే చోట బొట్టు నిలుస్తుందా?" అని ఆగింది. "అది మా బావగారు పెట్టేవారు. శుక్రవారం శుక్రవారం రేవులో బండిని పడవెక్కించేటప్పుడు ఆయన చేత్తోనే మెత్తేవారు. శుభం తల్లీ అనేవారు. గుళ్ళో అడుగు పెట్టని మనిషి, తమ్ముడి బండంటే ఎంత శ్రద్ధో అని... ముచ్చటపడ్డానండీ నేను."

గూడెం పెళ్ళి కథలో ముడి నాకు అక్కడే విడిపోయింది. చావు చోటు ముందే ఖాయం చేసిపెడితే ఆ పూట ఆయన అక్కడుండక్కర్లేదు. తాడిచెట్ల దగ్గర ఇంకో మనిషి కాచుకుని కూర్చుంటే చాలు.

మజ్జిగ రాలేదు. చిన్నరాజు కూడా రాలేదు. బాడుగ కారులో రేవుకి వెళ్ళారని పనిమనిషి చెప్పింది. వీధిలోకొచ్చి బండి చూశాను. మూత మీద నా సూది చేసిన చిల్లు లేదు. ఎండి నెర్రెలిచ్చిన పాత పసుపు నడుమ బొటనవేలంత మేర కొత్త పసుపు నిగనిగలాడుతోంది. ముట్టుకుంటే జిగురుగా వేలికంటింది.

తుడిచేస్తే బండి ఆగదు. ప్రాణానికి అదే మంచిది. కానీ గట్టు మీద ఎవడు కాచుకున్నాడో ఎప్పటికీ తేలదు. తుడవలేదు.

దారిలో స్టేషను దగ్గర ఆగాను. వరదానం మేజిస్ట్రేటు బంగళాకి వెళ్ళాడట. మెట్ల మీద ఖాతూన్ లేచి నిలబడింది.

"ఇన్‌స్పెక్టరుగారు రాగానే చెప్పమ్మా. మూత మీద పసుపు తడిగా ఉందని చెప్పు. జంట తాడిచెట్ల దగ్గరికి రమ్మను."

"మావోడు నిన్నట్నించి తాళంలో ఉన్నాడు కదండీ," అంది నెమ్మదిగా.

"అదేనమ్మా. ఆ మాట కూడా చెప్పు."

మళ్ళీ ట్యాంకు నింపించుకున్నాను, నేనూ మూత అంచు పట్టుకునే తిప్పాను. పెదపాడు దాటాను. పొద్దు వాలుతోంది. వెనక్కి తిరిగి చూస్తే దారి మీద ఎవరూ లేరు. తాడిచెట్లు కనబడ్డాయి. ఇంజను దగ్గింది, గుటకేసింది, ఆగింది. దిగి స్టాండు వేశాను. ముత్యాలరాజు కూడా ఇలాగే వేసి ఉంటాడు.

"ఏవండీ, బండి ఆగిపోయిందాండీ?"

చిన్నరాజు తుంగలోంచి గట్టెక్కి వచ్చాడు. తెల్లపంచె, భుజాన కండువా.

"ఆగిందండీ."

"అయ్యో. ఆ ఇక్బాల్ ఏం మెలిక పెట్టాడో. వంగి ఆ ప్లగ్గు చూడండి, అక్కడేనండీ ఎప్పుడూ తంటా."

తల వెనక దెబ్బ ఎలా తగిలిందో నాకు తెలిసిపోయింది. వంగలేదు. నిటారుగా నిలబడే మూత తిప్పాను. ట్యాంకు సుయ్‌మని ఊపిరి పీల్చుకుంది.

"ఇక్బాల్ శనివారం నించీ తాళంలో ఉన్నాడండీ," అన్నాను. "ఈ పసుపు చూస్తే ఇంకా ఆరలేదు. పోలీసుల తాళమే వాడికి సాక్షి."

మూత బిగించలేదు. చొక్కా లోపలి జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకున్నాను. స్టాండు తీసి బండెక్కి కిక్కు కొడితే మొదటి దెబ్బకే అంటుకుంది. చిన్నరాజు మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు మాత్రం నా జేబు మీదికి వచ్చాయి.

వెనకనించి నా భుజం మీద నీటిచుక్కలు పడ్డాయి. తల తిప్పాను. రెండు చేతులా గెడ పైకెత్తుకుని సూర్రావు నిలబడి ఉన్నాడు, ఇక్బాల్‌ని కళ్ళారా చూశానని ప్రమాణం చేసినవాడు. గెడ చివర రూపాయి బిళ్ళంత ఇనప పొన్ను. ముత్యాలరాజు తల వెనక దెబ్బ సరిగ్గా ఆ కొలతే.

"మూత ఇటియ్యి," అన్నాడు చిన్నరాజు.

పొద్దుట్నించీ ఆ నోట్లోంచి 'అండీ' లేకుండా మాట రావడం అదే మొదలు. పెదపాడు వైపు దారిలో వరదానం జాడ లేదు. మూతలేని ట్యాంకులోంచి పెట్రోలు చిందుతూ నా తొడ తడిపేస్తోంది. జేబులో ఉన్నది చిన్న ఇనప బిళ్ళ కాదు, మెట్ల మీద కేరేజీ పట్టుకుని కూర్చున్న ఆవిడ కొడుకు ప్రాణం. నేను నీళ్ళలో పడినా సరే, అది పడకూడదు.

గట్టు మీద దారి ఒక్కటే. దానికి అడ్డంగా చిన్నరాజు నిలబడ్డాడు. నేను గేరు వేశాను.